వాయిస్ మెసేజ్ పెడితే నోటీసు ఇచ్చినట్టేనా?

ప్రశ్న: చిక్కడపల్లిలో మా కింది పోర్షన్ నెలకు రూ.14,000కి కిరాయికిచ్చాం. మావారు రాసుకున్న 11 నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది. అబ్బాయి పెళ్లి ఉంది, ఖాళీ చేయమని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి మూడు నెలలైంది. మావారు పోయారని కిరాయిదారుకు మేమంటే లెక్కే లేదు, నాలుగు నెలల కిరాయి కూడా బాకీ. కరెంటు తీసేయించి తాళం వేసేయనా?

జవాబు: పెళ్లి సంగతి పక్కన పెట్టండి. సొంత అవసరం రుజువు చేయాల్సింది రెంట్ కంట్రోల్ చట్టం కింద. హైదరాబాద్‌లో నెల కిరాయి రూ.3,500 దాటిన ఇళ్లకు అది వర్తించదు. మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 106. అక్కడ కోర్టు ముఖ్యంగా చూసేది నోటీసు సరిగ్గా ఇచ్చారా లేదా అన్నదే. మీరు ఇవ్వలేదు.

నోటీసు రాతలో ఉండాలి, కింద మీదో మీ వకీలుదో సంతకం ఉండాలి. బ్లూ టిక్కులు చూసుకుంటూ మూడు నెలలు పోగొట్టుకున్నారు. గడువు తీరాక కూడా కిరాయి తీసుకున్నారు కాబట్టి అతను నెలవారీ కిరాయిదారు. 15 రోజుల నోటీసు చాలు, అది అతనికి అందిన రోజు నుంచి లెక్క.

తాళం మాటెత్తకండి. కోర్టు ఉత్తర్వు లేకుండా వెళ్లగొడితే ఆరు నెలల్లోపు అతను దావా వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే అక్కడ రాదు. కరెంటు తీసినా కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇల్లు మీవారి పేరునే ఉంటే వారసులందరి తరఫునా నోటీసు ఇప్పించండి. ఇంటి నంబరు, ఏ పోర్షన్, ఏ నెలల బాకీ అన్నీ రాయించి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు, ట్రాకింగ్ ప్రింటు దాచండి. అతను తీసుకోకపోతే ‘రెఫ్యూజ్డ్’ అని రాసి కవరు తిరిగొస్తుంది. దాన్ని చించకండి, అలాగే కోర్టుకివ్వాలి. సరైన అడ్రసుకు వెళ్లిన కవరును వద్దన్నా అందినట్టే లెక్క.

నోటీసు తర్వాత అతను ఫోన్‌పేలో డబ్బు వేస్తే, అది బాకీ కింద, ఇల్లు వాడుకున్నందుకు పరిహారం కింద జమ చేసుకున్నామని, కిరాయి కొనసాగించినట్టు కాదని వెంటనే లెటర్ పంపండి. లేదంటే నోటీసు వదులుకున్నారని వాదిస్తాడు. బాకీ కిరాయికి ఒక్కో నెలకు విడిగా మూడేళ్ల గడువుంది. 15 రోజులు దాటాక ఖాళీకి, బాకీకి కలిపి సివిల్ కోర్టులో దావా వేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాత అగ్రిమెంట్ ఇప్పుడే వెతికి పెట్టుకోండి.