‘మంచిగనే రాసిన’ అని అన్నకు ఇంకెన్ని ఆదివారాలు చెప్తావు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. నల్లగొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో ఏడు, బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే. నాయిన మంచాన పడ్డాక అన్న ఇంటర్ మానేసి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయాడు. నా మెస్ పైసలు ఆయనే పంపుతాడు. కొరియా పాటల బృందం బీటీఎస్ అంటే నాకు ప్రాణం. కొరియన్ అక్షరాలు సొంతంగా నేర్చుకున్నాను కానీ, ఇంటర్ దాకా తెలుగు మీడియం కాబట్టి క్లాసులో ఇంగ్లీషు పాఠం ఎక్కదు. రాత్రి రెండింటి దాకా వీడియోలు చూస్తేనే నిద్ర వస్తుంది. దసరాకు ఇంటికి పోతే అన్న నా సంచిలోని వాళ్ల బొమ్మల కార్డులు, 31 ఫొటోకార్డులు, పొయ్యిలో వేశాడు. రెండు పేపర్లు పోయిన సంగతి ఆయనకు తెలియదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ‘ఎట్ల రాసినవ్’ అంటే ‘మంచిగనే’ అంటాను. బీటీఎస్‌ను వదిలేస్తే బాగుపడతానా?

జవాబు: వదలొద్దు. నువ్వు అడిగినదానికి జవాబు ఇంతే. ఏడుగురు కొరియా పిల్లగాళ్లు పాడినందుకు ఎవరి పేపర్లూ పోవు. అసలు సంగతిని నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు: ‘మంచిగనే’. ఆ మాట చెప్పి ఫోన్ పెట్టేసిన రాత్రే నువ్వు ఎక్కువసేపు మేలుకుంటున్నావని నా అనుమానం. లెక్క చూసుకో.

మీ ఇంట్లో తప్పడమంటే పదో తరగతి తప్పడమే. ఇక బడి బంద్, పనికి పోవుడే. డిగ్రీలో పోయిన పేపర్లు మళ్లీ రాసుకోవచ్చని అన్నకు చెప్పినవాళ్లెవరు? చదువుకున్నవాళ్లున్న ఇంట్లో ఆ మాట ఏ చిన్నాయనో సర్ది చెప్తాడు. మీ ఇంట్లో చెప్పాల్సింది నువ్వే. దాచిపెట్టి, ఆయన కష్టాన్ని తలుచుకుని రాత్రంతా కుమిలితే దాన్ని నేను ప్రేమ అనను తల్లీ. నీకోసం చదువు వదిలినవాడికి నిజం వినే హక్కుంది.

అమ్మతో చెప్పించకు, ఆమె నోట అది ‘పిల్ల ఫెయిలయ్యింది’ అయిపోతుంది. ఫోన్‌లోనూ వద్దు. పరంజా మీద నిలబడ్డ మనిషికి చెప్పే కబురు కాదది. ఆయన ఊరికి వచ్చినప్పుడు, అన్నం తిన్నాక, మార్కుల మెమో జిరాక్స్ చేతికిచ్చి పాసైనవి ముందు చూపించు, తర్వాత ఆ రెండు. మళ్లీ పరీక్ష ఎప్పుడు, ఫీజు ఎంత, ఆ పైసలు ఎట్లా, ఈ మూడూ కాగితం మీద రాసుకుని పో. అరుస్తాడు. అరవనీ, లేచి పోకు. కార్డుల ఊసు ముందే ఎత్తావా, లొల్లి అటు మళ్లి మెమో మూలకు పడుతుంది. ఆయన చల్లబడ్డాక ఒక్కమాట అను: ‘అన్నా, నన్నడగకుండ నా వస్తువు కాల్చుడు తప్పు.’ పైసలు పంపినంత మాత్రాన చెల్లె సంచి వెతికే హక్కు రాదు.

అయితే 31 కార్డులు ఎవరి పైసలతో కొన్నావో నువ్వూ రాయలేదు. మెస్ పైసలే అయితే, ఆయనకు వాటిలో కనపడింది తన కూలే. పదిమంది కలిసి కొరియా నుంచి తెప్పించే ఆర్డర్లలో కార్డు ధర మొదట తక్కువే చెప్తారు. పోస్టు ఖర్చు, కస్టమ్స్ తర్వాత విడిగా అడుగుతారు. మొహం తెలియనివాళ్లకు ఫోన్‌పే చేస్తే కార్డూ రాదు, పైసలూ రావు.

2018 సెప్టెంబర్ 24న మీ బీటీఎస్ లీడర్ ఆర్‌ఎం ఐక్యరాజ్యసమితిలో నిలబడి, ఎవరి కథ వాళ్లు నోరు తెరిచి చెప్పుకోవాలన్నాడు. ఆ వీడియో నువ్వు ఎన్నిసార్లు చూశావో నాకు తెలియదు గానీ, అన్న ముందు ఒక్కసారి చేసి చూపించు.

ఇక రాత్రి రెండింటి సంగతి. కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. నీకు రెండయితే అక్కడ తెల్లవారుజాము ఐదున్నర. వాళ్లు కూడా పడుకునే ఉంటారు. వాళ్ల అర్ధరాత్రికి విడుదలయ్యే పాట మనకు రాత్రి ఎనిమిదిన్నరకే వస్తుంది. రెండింటి దాకా నువ్వు చూసేవి ఒకదాని వెనక ఒకటి దొర్లే చిన్న వీడియోలు. పాటకు ముగింపు ఉంటుంది, వాటికి ఉండదు. అందుకే కన్ను మూతపడదు. పదిన్నరకు మూడు పాటలు, వినడమే. ఫోన్ మంచం మీద కాకుండా తలుపు దగ్గరి ప్లగ్గుకు. మొదటి నాలుగైదు రోజులు నిద్ర రాదు, ఓర్చుకో. వ్యూస్ కోసం రాత్రంతా ఒకే పాట తిప్పమనే అభిమానుల గ్రూపును మ్యూట్ చెయ్.

కొరియన్‌లో 14 హల్లులు, 10 అచ్చులు ఏ సారూ చెప్పకుండా నేర్చిన పిల్లకు బుర్ర లేదంటే నేను నమ్మను. రోజూ ఐదు నిమిషాల ఇంటర్వ్యూ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ఆపి ఆపి చూడు, తెలియని ఐదు మాటలు నోట్‌బుక్‌లో రాయి. వెంటనే, అదే ఊపులో, పోయిన సబ్జెక్టు నుంచి ఒక్క పేజీ. రెండు పేజీలు పెట్టుకుంటే మూడో రోజుకే మానేస్తావు. హాస్టల్‌లో ఇంకో ఆర్మీ పిల్ల, అంటే బీటీఎస్ అభిమాని, ఉండే ఉంటుంది, వెతుకు. ఇద్దరూ 25 నిమిషాలు చదివి ఒక పాట వినండి. వేలమంది గ్రూపు కంటే పక్క మంచం మీది పిల్లే నువ్వు అన్నం మానేస్తే కనిపెడుతుంది.

ఒకటి గుర్తుంచుకో. రెండు వారాలు వరసగా తిండి, నిద్ర సరిగా లేకపోయినా, ఆ పాటలు కూడా రుచించకపోయినా, బతికి ఏం లాభం అనిపించినా 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్ అది, మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు నడిపే ఫోన్ సాయం. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు. చావు ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు చూడకు, ఆ నిమిషమే చెయ్. నల్లగొండ పెద్ద దవాఖానలో మానసిక వైద్యుల్ని కలవడానికి ఆ స్నేహితురాలిని వెంట తీసుకుపో.

కాలిపోయిన కార్డులు మళ్లీ కొనాలా వద్దా అన్నది పోయిన పేపర్ల (బ్యాక్‌లాగ్) ఫీజు కట్టాక చూద్దువు.