ముందు నీళ్ళ దారి వెతుకు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పడకగది మూల నల్లగా బూజు పడుతోందని, ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ వస్తోందని, ఏ మందు కొట్టాలో చెప్పమని రాశావు. మందు సంగతి తర్వాత. ఆ గోడకి తడి ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు కనిపెట్టు. బూజు రేణువులు లేని గాలి ఎక్కడా ఉండదు, వాటిని ఇంట్లోకి రానీయకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. తిండికి వాటికి కొదవలేదు: దుమ్ము, చెక్క, కాగితం, గోడ రంగు, ఏదైనా సరే. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే.

తడి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది కారడం. పైపో, పైకప్పో, గోడ బీటో. అంచులు గోధుమరంగులో ఉన్న మరక కనిపిస్తే, వాన పడ్డప్పుడో పక్కనున్న స్నానాలగది వాడినప్పుడో అది పెద్దదవుతుంటే, ప్లంబర్నో మేస్త్రీనో పిలిపించాల్సిందే. రెండోది నేలలోంచి గోడ పీల్చుకునే చెమ్మ. ఇది కింద నుంచి పైకి పాకుతుంది, పెచ్చులు ఊడతాయి, తెల్లటి పొడి పొంగుతుంది. ఆ తెల్లపొడిని చూసి బూజనుకునేవాళ్ళు చాలామంది. కాస్త నీళ్ళు చల్లి చూడు, కరిగిపోతే అది ఉప్పు. అయినా సంతోషించకు, ఉప్పు పొంగిందంటే గోడలో నీళ్ళున్నట్టే.

మూడోది మనం వదిలే ఆవిరి. నీ విషయంలో నా అనుమానం దీనిమీదే. మూలల్లో, బీరువా వెనక, కిటికీ అంచుల్లో, బయటి గోడకి లోపలి వైపు బూజు పడుతోందంటే చాలావరకు ఇదే కారణం. వెచ్చటి గాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది, చల్లటి గోడ తగలగానే దాన్ని నీళ్ళుగా వదిలేస్తుంది. చల్లనీళ్ళ గ్లాసుకి బయట చెమట పట్టినట్టే.

అనుమానం తీర్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. గోడ పైపైన తుడిచి ఆరనిచ్చి, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కని నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించు. ఒకటి రెండు రోజులాగి చూడు. గది వైపు తడిస్తే ఆవిరి పని, గోడ వైపు తడిస్తే గోడలోంచి వస్తున్న చెమ్మ. రెండు వైపులా తడిస్తే రెండు పనులూ తప్పవు.

ఆవిరే అయితే ఖర్చు తక్కువ, శ్రద్ధ ఎక్కువ. బీరువా, మంచం గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళ సందు వదులు. గదిలో తడిబట్టలు ఆరేయకు. వంటగిన్నెల మీద మూతలు పెట్టు. స్నానం చేస్తున్నంతసేపూ, అయ్యాక మరికాసేపూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగాలి, ఆ ఫ్యాన్ గాలి ఇంటి బయటికే పోవాలి. కొన్ని ఇళ్ళలో సీలింగు పైకి వదిలేస్తారు, అది ఇంకో చోట బూజు నాటడమే. కిటికీలు తెరవమని అందరూ అంటారు గానీ, బయట ముసురు పట్టి ఉన్న రోజున తెరిస్తే బయటి తడి లోపలికొస్తుంది. గాలిలో తేమ చూపించే చిన్న మీటరు ఒకటి గదిలో పెట్టుకో. 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే హాయి. ఎంత చేసినా దిగకపోతే అప్పుడు తేమ లాగే యంత్రం కొను, ముందే కొనేయకు.

ఇక కడగడం. మరకంతా కలిపి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపుంటే మీరే చేసుకోవచ్చు. అంతకు మించితే పని తెలిసినవాళ్ళని పిలవండి. నీకు ఉబ్బసం ఉంది కాబట్టి నువ్వు ఆ గదిలోకే వెళ్ళకు, అల్లుడిని చేయమను. అతను ఎన్95 మాస్కు, చేతికి గ్లవ్స్, కళ్ళకి మూసి ఉండే అద్దాలు పెట్టుకోవాలి. గది తలుపు మూసి, కిటికీ తెరిచి, సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. పొడిగుడ్డతో దులిపితే రేణువులు ఇల్లంతా ఎగురుతాయి, అందుకే సబ్బునీళ్ళతో తడిపి తోమి, తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి.

బ్లీచ్ మీద అందరికీ అంత నమ్మకం ఎందుకో నాకర్థం కాదు. సున్నం గోడలోకి అది ఇంకి బూజు వేళ్ళదాకా పోదు, పైన రంగు మాత్రం తెల్లబడుతుంది. పైగా చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెప్పిస్తుంది, కాబట్టి చంపితే చాలదు, తీసెయ్యాలి. ఒకవేళ వాడినా అమోనియా ఉన్నవాటితో గానీ, టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ కలపొద్దు. విషవాయువు పుడుతుంది, ప్రాణాలమీదికి వస్తుంది.

నల్లబూజా, పచ్చబూజా అని పరీక్షలకి డబ్బు తగలెయ్యకు. రంగేదైనా చేయాల్సిన పని మారదు. ఇంట్లో చెమ్మ, బూజు ఉంటే దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాల్లో చెప్పింది.

బట్టలు ఉతికి ఎండలో వేస్తే దక్కుతాయి. లోపలిదాకా బూజెక్కిన పరుపు, తివాచీ, సీలింగు బోర్డు దక్కవు, కవర్లో మూటగట్టి పారేయండి. ఇకమీదట ఏదైనా తడిస్తే 24 నుంచి 48 గంటల్లోపు ఆరిపోవాలి, ఆ గడువు దాటితే బూజు మొదలవుతుంది.

రంగు వేయించడం అన్నిటికన్నా చివర. తడిగోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పొరలుగా లేచిపోతుంది, కింద బూజు దాని పని అది చేసుకుంటూ ఉంటుంది. నీళ్ళలో నానిన గోడ ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పెయింటరు రేపే వస్తానంటే, ఇప్పుడే వద్దని చెప్పు.

ఉంటాను,
పెద్దమ్మ