ఎఱ్ఱన పేరు దాచుకోలేదమ్మా

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. తాటాకు ప్రతులు రాసే రాయసకాడి నడుము నొప్పి రాసిన తీరు బాగుంది. పేచీ అంతా పదకొండో పేజీతోనే. అక్కడ ఎఱ్ఱన గంటం పక్కన పెట్టి, "నాకు పేరెందుకు? కావ్యం బతికితే చాలు" అంటాడు. వెంటనే దీపం కొండెక్కుతుంది. ఆ మాట ఎఱ్ఱన అనడమ్మా.

మధ్యయుగాల్లో రచయిత అన్న ఊహే లేదని, అందరూ అనామకులేనని ఈమధ్య సభల్లో ఒక మాట తిరుగుతోంది. మన సంపాదకులకూ అదంటే మోజు. బతికున్నవాడి పేరే సరిగ్గా అచ్చు వెయ్యలేనివాళ్లకు చచ్చినవాడు పేరు లేకుండా ఉంటే హాయి కాబోలు. నువ్వు దాన్ని నమ్మి కథ కట్టేశావు.

జరిగింది చూడు. భారతం తెలుగు చేస్తూ నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, అంటే నాలుగో అధ్యాయంలో, శరద్రాత్రుల పద్యం దగ్గర ఆగిపోయాడు. ఎఱ్ఱన "స్ఫురదరుణాంశురాగరుచి" అని అదే శరత్తులోని ఉదయకాంతితో అందుకున్నాడు. అతుకు కనబడదు. నన్నయ చేత భారతం చెప్పించిన రాజరాజనరేంద్రుడు తనకు సుమారు 300 ఏళ్ల ముందటివాడైనా, ఆ భాగాన్నీ ఆయనకే అంకితంగా చెప్పాడు. నువ్వు ఇక్కడిదాకా చదివి ఊరుకున్నావు. పర్వం చివరికి వెళ్లు. శ్రీవత్స గోత్రం, తండ్రి సూరన, తల్లి పోతమాంబ, పాకనాటిలో గుడ్లూరు, ఎఱ్ఱనార్యుడు అని చిరునామా మొత్తం ఇచ్చాడు. నన్నయ కవితారీతి కొంత తోచేలా, "తద్రచనయకా", అంటే ఆయన రచనే అన్నట్టుగా, మిగిలినది పూరించానని కూడా చెప్పుకున్నాడు. పేరు దాచుకునేవాడు గోత్రం చెబుతాడా?

అప్పటివాళ్లకు పేరు పెట్టే చోటు వేరు. కథ నాది అని పట్టుబట్టేవాడు అరుదు. చెప్పిన తీరు నాది, తప్పుంటే పూచీ నాది అన్నారు. రాముడి కథ ఎందరో చెప్పారని తెలిసీ మళ్లీ ఎందుకు చెబుతున్నావని మొల్ల తన్ను తానే ప్రశ్నించుకుని, నా దైవాన్ని నేను నుతిస్తే తప్పేమిటి అంది. శ్రీనాథుడైతే కాశీఖండంలో వయసు వారీగా లెక్క అప్పజెప్పాడు: చిరుతకూకటినాడు మరుత్తరాట్చరిత్ర, నూనూగు మీసాల వేళ శాలివాహన సప్తశతి, నిండు జవ్వనంలో నైషధం. మొదటి రెండూ మనకు దొరకలేదు. అవి ఉండేవని ఆ సీసపద్యం వల్లే తెలిసింది.

ఇక మరమ్మతు. నీ కథలో కవి పేరు కావ్యం మొదట్లో ఒక్కచోటే ఉంది. అలా ఉండదు. అవతారికలో, అంటే కావ్యం ముందుమాటలో, దేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, అంకితం పుచ్చుకునే కృతిపతి వంశం, కవి వంశం, చివర ఎవరికి అంకితమో చెబుతూ "కున్" అంటూ సాగే షష్ఠ్యంతాలు. వరుస అటూ ఇటూ కావచ్చు, కొన్ని లేకపోవచ్చు. ఆ తరువాత ప్రతి ఆశ్వాసం చివరా కవి పేరు చెప్పే వచనం, గద్య. "ఇది శ్రీమదుభయకవిమిత్ర కొమ్మనామాత్యపుత్ర..." అని తిక్కన పదిహేను పర్వాల పొడుగునా తండ్రి పేరుతో సహా చెబుతూనే పోయాడు. అది డాబు అనుకోకు. తాటాకు కట్టలో ముందు చెడేవి పై కమ్మ, అడుగు కమ్మ. చెక్క పలకల రాపిడి, చెమ్మ, చేతి వాడకం అన్నీ వాటికే. మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే పేరుంటే రెండూ పోతాయి. మధ్య గద్యలు మిగులుతాయి. భాగవతంలో అయిదో స్కంధం గంగన రాసినది, ఆరు ఏర్చూరి సింగన రాసినది, పదకొండూ పన్నెండూ వెలిగందల నారయవి అని పోతన సొత్తు నుంచి విడదీసి చెప్పగలుగుతున్నామంటే ఈ గద్యల చలవే.

పేరు పోయేది కవి దగ్గర కాదు, జనం నోట్లో. భాస్కర రామాయణం నలుగురి పని. మల్లికార్జునభట్టు, కుమారరుద్రదేవుడు, అయ్యలార్యుడు ఏమయ్యారు? హుళక్కి భాస్కరుడొక్కడే నిలిచాడు.

సింహాచలం మెట్ల మీద శతకం చెప్పే నీ ముసలాయన వేమన మకుటం వాడకూడదు. "విశ్వదాభిరామ వినురవేమ" ఆటవెలది నాలుగో పాదం, అయిదు సూర్యగణాలూ సరిపోయాయి. ఆటవెలదికి ప్రాస నియమం లేదు. మూడు పాదాలు అల్లి కింద ఇది తగిలిస్తే ఎవడైనా వేమనే. వేమన పేర ఎన్ని దొంగ పద్యాలు చేరాయో ఇందుకే తేలదు. మీ కొండ మకుటం గోగులపాటి కూర్మనాథకవి చెప్పనే చెప్పాడు, "వైరిహరరంహ సింహాద్రి నారసింహ". అది సీసం కింద వచ్చే తేటగీతి చివరి పాదం, కాబట్టి పైన సీసం నడవాలి. అందులో కవి పేరు లేదు, దేవుడి పేరుంది. అన్నమయ్య తన పాటల్లో గుర్తుగా పెట్టిన వేంకటేశ ముద్ర కూడా అంతే. కొడుకూ మనుమడూ అదే ముద్ర వాడారు గనుక ఏ సంకీర్తన ఎవరిదో అవి చెక్కిన రాగిరేకుల్ని బట్టి తేల్చాలి.

రాయసకాడు చివర "ప్లవ నామ సంవత్సరం" అని రాశాడన్నావు, దాన్నిబట్టి నీ పండితుడు చిటికెలో ఏడాది చెప్పేశాడు. ప్లవ 60 ఏళ్లకోసారి వస్తుంది. శకసంవత్సరమో, ఏలే రాజు పేరో తోడు లేనిదే చెప్పలేడు. రాయసకాడి చేత "యాదృశం పుస్తకం దృష్ట్వా" శ్లోకం కూడా రాయించు. చూసినట్టే రాశాను, తప్పొప్పులు నావి కావు అని దాని అర్థం. పూచీ ఎవరిదో అతనికీ తెలుసు.

పోటీకి పంపనా అని అడిగావు, ముందు పదకొండో పేజీ కొట్టెయ్యి. ఇంకో సంగతి, నీ పేరున్న మొదటి కాగితం పిన్ను ఊడి విడిగా వచ్చింది. ఈసారి పేజీల అంకెలు వేసి, ప్రతి భాగం కిందా పేరు రాసి పంపు.

ఆశీస్సులతో.