టికెట్‌లో ఏజెంటు నంబరు ఉంటే పరిహారం వస్తుందా?

ప్రశ్న: విశాఖపట్నం నుంచి హైదరాబాదు వెళ్లడానికి మా ఊళ్లోని ఏజెంటు దగ్గర విమానం టికెట్ తీసుకున్నాను. కారు మాట్లాడుకుని విమానాశ్రయానికి చేరాక, ఆ సర్వీసు రద్దయిందని, మూడు రోజుల ముందే మెసేజ్ పంపామని కౌంటరులో చెప్పారు. ఆ మెసేజ్ ఏజెంటు ఫోనుకు వెళ్లిందట. నాకు రావలసినదేమిటి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: టికెట్ డబ్బు గురించి మీకు సందేహం అక్కరలేదు. సర్వీసును సంస్థే రద్దు చేసింది కనుక, మీకు సమ్మతమైన మరో విమానంలో సీటు గానీ, పూర్తి సొమ్ము గానీ ఇవ్వాలి. ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కైనా వాపసు బాధ్యత విమానయాన సంస్థదేనని దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి, ‘మీ ఏజెంటును అడగండి’ అంటే వెనుదిరగవద్దు. విమానాశ్రయానికి చేరినవారు ప్రత్యామ్నాయ విమానం కోసం వేచి ఉన్నంతసేపు అల్పాహారం, భోజనం చూడవలసినది కూడా సంస్థే.

పరిహారం సంగతి వేరు. కనీసం 24 గంటల ముందు తెలియజేయకుండా రద్దు చేస్తే, గంటకు మించి రెండు గంటల లోపు సాగే ఇటువంటి ప్రయాణానికి రూ.7,500 గానీ, ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం గానీ, ఏది తక్కువైతే అది చెల్లించాలి. రూ.7,500 ఖాయమని చాలామంది అనుకుంటారు; ఆ రెండు ఛార్జీలు కలిపి రూ.3,200 అయితే చేతికి వచ్చేది రూ.3,200 మాత్రమే. తుపాను వంటి, సంస్థ చేతిలో లేని కారణాలకు అదీ రాదు.

మీకు చిక్కు ఫోను నంబరు దగ్గరే వచ్చింది. బుకింగ్‌లో తనను సంప్రదించడానికి తగిన వివరాలు ఇవ్వని ప్రయాణికుడికి పరిహారం ఇవ్వనక్కరలేదని నిబంధనలోనే ఉంది. పైగా మూడు రోజుల ముందే కబురు పంపామని సంస్థ చూపించగలదు. అందువల్ల పరిహారంపై ఆశ పెట్టుకోవద్దనే చెప్పాలి. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికులు కూడా ఎక్కువగా ఏజెంట్ల మీదే ఆధారపడతారు కనుక ఇది నన్ను కలవరపెడుతోంది. టికెట్ చేతికి రాగానే, పీఎన్‌ఆర్ చెప్పి, బుకింగ్‌లో ఎవరి నంబరు ఉందో సంస్థ కస్టమర్ కేర్‌లో అడిగి, మీది చేర్పించుకోండి.

కారు ఖర్చు ఈ నిబంధనల కిందికి రాదు. వాపసు ఆలస్యమైతే ముందు సంస్థకు రాతపూర్వకంగా, ఆపై పౌర విమానయాన శాఖ వారి ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు చేయండి. అప్పటికీ తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, అంటే శ్రీకాకుళంలోనే, రెండేళ్లలోగా కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు కనుక ఫీజు ఉండదు.