రెండోసారి చదివితే గానీ పాసేజ్ అర్థం కావడం లేదా?

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. పది వరకు తెలుగు మీడియం. లా చదవాలని, జాతీయ లా వర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మాక్ టెస్టుల్లో ఇంగ్లిష్ పాసేజ్ రెండోసారి చదివితే గానీ అర్థం కావడం లేదు, ఈలోపు టైమ్ అయిపోతోంది. వొకాబులరీ లేకపోవడమే కారణమా సార్?
- ఓ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: రెండోసారికి అర్థమవుతోందంటే పదాలు మీకు చాలావరకు తెలిసినట్టే. మొదటిసారి చదివేటప్పుడు రచయిత ఆ విషయాన్ని ఏ వరసలో, ఎందుకు చెబుతున్నాడో మీరు పట్టుకోలేకపోతున్నారు. ఇది సాధనతో వచ్చేదే, టెన్షన్ పడకండి.

క్లాట్‌లో 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు చేయాలి. తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. ఇంగ్లిష్ పాసేజ్ ఒక్కోటి సుమారు 450 పదాలుంటుంది. లీగల్, లాజికల్, కరెంట్ అఫైర్స్ ప్రశ్నలు కూడా పాసేజ్‌ల మీదే వస్తాయి కాబట్టి ఈ నేర్పు పేపరంతటా పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇదే సమాచారాన్ని ఒకరు ఏళ్లవారీగా, కథలా చెబుతారు. మరొకరు నదికి ఇంత దగ్గరగా ఉన్న ఊరిని వరద నుంచి కాపాడటం ఎలా అని మొదలుపెట్టి, జలాశయాల దగ్గరికి తీసుకొస్తారు. అది సమస్య, పరిష్కారం పద్ధతి. ఇంకొకరు వరద ఎందుకు అంత నష్టం చేసిందన్న కారణాల దగ్గరే ఆగిపోవచ్చు.

ముగ్గురి రాతలోనూ సంవత్సరాలుంటాయి, చిక్కంతా అక్కడే. రచయిత ఉద్దేశం ఏమిటని అడిగితే, సంవత్సరాలు కనిపించగానే చాలామంది ‘చరిత్రను వివరించడం’ అన్న ఆప్షన్ టిక్ చేసేస్తారు. అందుకని మనసులో ఆ అంకెల్ని చెరిపేసి చూడండి. అవి లేకపోయినా వాదన నిలబడుతోందంటే అది చరిత్ర చెప్పడానికి రాసిన పాసేజ్ కాదు.

ఇంకొకటి, మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. వ్యాసకర్త ముందు ఎదుటివాళ్ల వాదనను మర్యాదగా, వివరంగా చెబుతాడు. ఆ తర్వాత ‘హౌఎవర్’ అనో ‘యెట్’ అనో మలుపు తిప్పి తన మాట మొదలుపెడతాడు. కంగారులో ఆ మొదటి పేరానే రచయిత అభిప్రాయం అనుకుంటే, దాని మీద వచ్చే ప్రశ్నలన్నీ తప్పుతాయి. కొన్నిసార్లు అలాంటి మలుపు పదమే ఉండదు. అప్పుడు ఈ పేరా ఇక్కడ ఏం పని చేస్తోందని అడగడం ఒక్కటే దారి.

ముందు ఒక వారం తెలుగు దినపత్రికల సంపాదకీయాలతో మొదలుపెట్టండి. భాష అడ్డురాదు కాబట్టి నిర్మాణం మీదే దృష్టి నిలుస్తుంది. ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో ఒక్క మాట రాయండి: సమస్య, కారణం, ఉదాహరణ, ఎదుటి వాదన, పరిష్కారం. తర్వాత ఇంగ్లిష్ ఎడిటోరియల్స్‌తోనూ ఇదే చేయండి. మొదట్లో ఒక్కోదానికి అరగంట పట్టినా ఫర్వాలేదు, వేగం కోసం తొందరపడొద్దు. పేరాకి పేరు పెట్టడం అలవాటయ్యాకే టైమర్ పెట్టుకోండి.

హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా వర్సిటీల్లో సీటుకు క్లాట్ తప్పనిసరి. దాంతోపాటు రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్‌కూ దరఖాస్తు చేయండి. అందులో ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు.