తెలుగు మీడియం వాళ్లు టెక్నికల్ రైటర్ కావచ్చా?

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. కోడింగ్ అర్థమవుతుంది కానీ, ఎదుటివాళ్లకు తెలిసేలా రాసిపెట్టడమంటేనే నాకు ఎక్కువ ఇష్టం. టెక్నికల్ రైటింగ్ (యంత్రాలు, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరిస్తూ రాసే పని) వైపు వెళ్తానంటే మా మామయ్య ‘అది ఎం.ఏ. ఇంగ్లిష్ వాళ్ల పని’ అంటున్నారు. నేనేం చదవాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ మామయ్యగారి మాట ఒప్పుకోలేనమ్మా. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఈ పనే చేస్తున్నాను. మా టీముల్లో ఎం.ఏ. వాళ్లున్నారు, బీటెక్ వాళ్లున్నారు, ఫార్మసీ చదివినవాళ్లూ ఉన్నారు.

ఇంగ్లిష్ రావాలి, నిజమే. కానీ ఎలాంటి ఇంగ్లిష్? విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ కోసం ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అని ఒక ప్రమాణం ఉంది. పని ఎలా చేయాలో చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదంటుంది. ఏ మాట ఏ అర్థంలో వాడాలో కూడా ముందే తేల్చిపెడుతుంది. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన మెకానిక్ కూడా పొరపాటు పడకూడదని పెట్టుకున్న నియమాలివి. అడిగితే ఆ పుస్తకం ఉచితంగానే ఇస్తారు, తెప్పించుకోండి. చదివితే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

అసలు కష్టం వరసలో ఉంటుంది. ‘మూత తీసి ఫిల్టర్ బయటికి లాగండి. మూత తీసేముందు కరెంటు ఆపండి.’ ఇందులో వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. కానీ చదివేవాళ్లు ఒక్కో వాక్యం చదువుతూ ఆ పని చేసుకుంటూ పోతారు. రెండో వాక్యం కంటపడేసరికి చెయ్యి మెషీన్ లోపల ఉంటుంది! ఇలాంటివి పట్టుకోవడం నేర్చుకోవాలి. దానికి మీడియంతో పని లేదు.

అమెరికాలో ఇప్పుడు కార్నెగీ మెలన్ యూనివర్సిటీగా ఉన్న సంస్థ 1958లోనే టెక్నికల్ రైటింగ్ కోసం డిగ్రీ పెట్టింది. మీరు అలాంటి కోర్సు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. బీఎస్సీ మానొద్దు. ఏపీఐ డాక్యుమెంటేషన్, అంటే ఒక సాఫ్ట్‌వేర్‌ను మరో ప్రోగ్రామ్ నుంచి ఎలా వాడుకోవాలో చెప్పే వివరణ, రాయాలంటే కోడ్ చదవడం రావాలి, అది మీకు ఇప్పటికే ఉంది. మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో శీర్షికలు, జాబితాలు పెట్టే పద్ధతి), గిట్ (ఫైళ్లలో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే సాధనం) నేర్చుకోండి. గూగుల్ వాళ్ల టెక్నికల్ రైటింగ్ కోర్సులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఈ సెమిస్టర్‌లోనే ఒక పని చేయండి. మీ ల్యాబ్‌లో వాడే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇన్‌స్టాల్ చేసే పద్ధతి రాసి, ఫస్టియర్ అమ్మాయి ఎవరికైనా ఇచ్చి పక్కనే కూర్చోండి. ఆమె తడబడినా నోరు విప్పకండి. ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, ఆ చోట తిరగరాయండి. పాత ప్రతి పారేయొద్దు. ఇంటర్వ్యూకు రెండూ పట్టుకెళ్లండి. నేనైతే సర్టిఫికెట్ల కన్నా ముందు వాటినే అడిగి చూస్తాను.