ఆ డాక్టరు రెండో కాలు ఎందుకు చూడలేదు?

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. జాలరిపేట ఇళ్ళ మధ్య మాటతీరు చక్కగా పట్టుకున్నావు. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం కోపం ఆగలేదు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైన తాత. డాక్టరు పడిపోయిన కాలి మోకాలిని సుత్తితో తట్టాడు, కాలు కదలలేదు, "డాక్టరు పెదవి విరిచాడు" అన్నావు. ఇల్లంతా గొల్లుమంది.

ఆ కాలు మామూలు కంటే గట్టిగా ఎగరాలి. మోకాలి చిప్ప కింద తట్టగానే కబురు వెన్నుపాముకు చేరి, అక్కడి నుంచే కండకు తిరిగి వస్తుంది. దాన్ని అదుపులో ఉంచేది మెదడు. పక్షవాతంలో ఆ అదుపు పోతుంది. మొదటి రోజుల్లో ఈ రిఫ్లెక్స్, అంటే తట్టగానే కండ తనంతట తాను కదలడం, మందగించినా, వారాలు గడిచేకొద్దీ ఉద్ధృతమవుతుంది. బొత్తిగా రాకపోతే నరం దెబ్బతిన్నదేమోనని వెతకాలి. షుగరు ముదిరినవారిలో మడమ దగ్గరి రిఫ్లెక్స్ పోతుంటుంది. ఏ జబ్బూ లేని వృద్ధుల్లోనూ అది కనిపించకపోవచ్చు.

అసలు మీ డాక్టరు రెండో కాలు ఎందుకు చూడలేదు? రిఫ్లెక్స్ రెండు వైపులా ఒకేలా మందగించి ఉంటే అది ఆ మనిషి తీరే కావచ్చు. ఒక వైపు ఒకలా, మరో వైపు ఇంకోలా ఉంటే అప్పుడు అనుమానించాలి. ఎవరికి, ఏ వయసులో, ఏ వైపు అన్నవి చెప్పకుండా ఏ లక్షణానికీ అర్థం లేదు. కథలోనైనా అంతే.

నేను చదువుకునే రోజుల్లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వార్డుకు భీమిలి నుంచి వలలు అల్లే పెద్దాయన వచ్చాడు. భయంతో తొడ బిగబట్టాడు. ఎంత తట్టినా చలనం లేదు. మా మాస్టారు ఆయన రెండు చేతుల వేళ్ళూ కొక్కేల్లా తగిలించి, కళ్ళు మూసుకుని గట్టిగా లాగమన్నారు. ఆ క్షణంలో తట్టారు. తొడ ముందు కండ టక్కున మెదిలింది. పాదాన్ని కాదు, ఆ కండను చూడమన్నారు. తర్వాత దాన్ని కథలో రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు పాఠకులకు విసుగని ఆ పేరా కొట్టేసి "డాక్టరు పెదవి విరిచాడు" అని చేర్చాడు. నా కథలో ఆ పెద్దాయన నడిచి ఇంటికి వెళతాడు! ఆ వాక్యం ఇప్పటికీ ఎక్కడ కనిపించినా నాకు ఒళ్ళు మండుతుంది.

నీ కథలో మనవరాలు ఉంది కదా, గోడ పట్టుకుని నిలబడబోయే ఎనిమిది నెలల పిల్ల. 1896లో పారిస్‌లో నరాల వైద్యుడు జోసెఫ్ బాబిన్‌స్కీ వెల్లడించిన పరీక్ష ఒకటుంది. మొద్దు మొన ఉన్న వస్తువుతో అరికాలి బయటి అంచున మడమ నుంచి చిటికెన వేలి దాకా గీసి, అక్కడి నుంచి లోపలికి తిప్పాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి బొటనవేలు కిందికి వంగుతుంది. పక్షవాతం వచ్చిన తాతకు పైకి లేస్తుంది, మిగతా వేళ్ళు విచ్చుకుంటాయి. ఆ పసిపిల్ల పాదం గీసినా పైకే లేవచ్చు. మెదడు నుంచి దిగే నరాల దారి ఇంకా పూర్తిగా ఎదగలేదు గనుక, రెండేళ్ళ లోపు అది సహజం. ఒకే గదిలో, ఒకే చాప మీద, రెండు పాదాలు ఒకే తీరుగా స్పందిస్తాయి. పిల్లలో అది ఎదుగుదల, తాతలో జబ్బు. ఇంత గొప్ప ఘట్టం ఎదురుగా పెట్టుకుని ఏడుపులతో పేజీ నింపేశావు.

కలం పేరు, బహుమతుల పోటీ సంగతి తర్వాత. తిరగరాసి ఆదివారం ఉదయం ఇంటికి తీసుకురా. సుత్తి ఎలా పట్టుకోవాలో చూపిస్తాను.